ఎడమచేతివాటం ఇంజన్

పళ్ళ మేస్త్రికి మనుషుల పళ్ళతో ఏ సంబంధమూ లేదు. ఆయన బాగుచేసేది గేర్‌బాక్సులు. లోపలి చక్రాల పళ్ళు అరిగాయా, విరిగాయా, ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయా అన్నది వేలితో తడిమి చెప్పేస్తాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. యాభై రెండేళ్ళ మనిషి. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ.

ఒకరోజు పొద్దున్నే బుగ్గ బంతిలా వాచిన పెద్దమనిషి ఒకాయన వీధి మొదట్లో ఎవరినో "పళ్ళాయన ఎక్కడుంటాడు?" అని అడిగితే, వాళ్ళు సరాసరి ఈ షాపు చూపించారు. పాపం ఆయన మాట్లాడే స్థితిలో లేడు. వచ్చి నోరు తెరిచి నిలబడ్డాడు. మేస్త్రి అలవాటు కొద్దీ టార్చిలైటు వేసి లోపలికి చూశాడు.

"కింది వరసలో వెనకనుంచి రెండోది. పక్కదాంతో రాసుకుని చీలింది. దానికి నా దగ్గర స్పేరు లేదు. నాలుగు వీధులవతల డాక్టరమ్మ ఉంటుంది, వెళ్ళండి" అన్నాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూస్తే అక్షరాలా అదే. ఎవరు చెప్పారని ఆరా తీసింది. ఆ వారం తిరక్కుండానే తన కారు వేసుకుని షాపు ముందు దిగింది.

కారు చూడగానే మేస్త్రి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఇద్దరు మాత్రమే కూర్చునే చిన్న స్పోర్ట్స్ కారు, నేలకి కరుచుకుని ఉంది. ఇంజన్ ముందు కాదు, సీట్ల వెనకాల. ఇరవై ఏళ్ళనాటిదైనా రంగు చెక్కుచెదరలేదు. ఇంజన్ మాత్రం ఆయాసపడుతోంది, ఆగినప్పుడల్లా దగ్గుతోంది.

"ఈ ఇంజన్ పనైపోయింది. ఇంకోటి కొన్నాను. వెనకనుంచి లారీ గుద్దిన కార్లోది, ఇంజన్‌కి గీత కూడా పడలేదు. టర్బో ఉంది. తొమ్మిది వేలదాకా తిరుగుతుందట" అంది డాక్టరమ్మ.

మామూలు కార్ల ఇంజన్లు నిమిషానికి ఆరువేల చుట్ల దగ్గరే చేతులెత్తేస్తాయి. తొమ్మిది వేలు అన్న మాటకి మేస్త్రి చేతులు తుడుచుకోవడం ఆపేశాడు. పైగా టర్బో. పొగగొట్టంలో పోయే వేడిగాలి చిన్న చక్రాన్ని తిప్పితే, అది బయటి గాలిని ఊపిరి సలపనంతగా ఇంజన్లోకి కుక్కుతుంది.

"అమ్మా, అది చాలా స్పీడు. మీరు తట్టుకోగలరా?" అన్నాడు.

ఆవిడ నవ్వింది. "నా డ్రిల్లు కూడా గాలితో తిరిగే చక్రమేనండీ. నిమిషానికి మూడు లక్షల చుట్లు. ముప్ఫై ఏళ్ళుగా దాన్ని జనం నోట్లో పెడుతున్నాను. మీ తొమ్మిది వేలంటే నాకు ఆవులింతలొస్తున్నాయి."

దాంతో మేస్త్రి గేర్‌బాక్సు సంగతికొచ్చాడు. ఆ ఇంజన్ బలానికి కారులో ఉన్న పాత గేర్‌బాక్సు వారం కూడా ఆగదనీ, పళ్ళన్నీ జలజలా రాలిపోతాయనీ చెప్పాడు. అందుకే ఇంకో పెద్ద కారు నుంచి ఆరు గేర్ల బాక్సు కూడా తెప్పించానంది ఆవిడ. ఇంజన్ ఒక కంపెనీది, గేర్‌బాక్సు ఇంకో కంపెనీది, కారు మూడో కంపెనీది. ఈ మూడింటినీ కలిపి కాపురం చేయించాలి. మూడువారాల్లో విమానాల పాత రన్‌వే ఒకటి, కార్లు పరుగెత్తించుకోవడానికి, డ్రైవర్ల క్లబ్బువాళ్ళు ఒక రోజుకి తీసుకుంటున్నారు. దానికి అందాలి.

"అందిస్తాం. ఇంజన్ పని మాత్రం పక్కనాయనది" అని మేస్త్రి షెడ్డు అవతలి సగంకేసి గడ్డంతో చూపించాడు.

షెడ్డు మధ్యలో నిలువునా ప్లైవుడ్ గోడ. ఇవతల మేస్త్రి, అవతల ఆయన బావ. బావ అంటే మేస్త్రి సొంత అక్క మొగుడు. ఇంజన్ల పనిలో ఆయన్ని మించినవాడు లేడు. గొంతు మాత్రం లారీ హారన్. ఇద్దరూ ఇరవై ఏళ్ళు ఒకే బల్లమీద పనిచేశారు. రెండున్నరేళ్ళ క్రితం ఎవరిదో కారు టకటకమంటోందని వస్తే, బావ "గేర్‌బాక్సే" అన్నాడు. మేస్త్రి రోజంతా గేర్‌బాక్సు విప్పి, ఏమీ లేదని తేల్చి, "ఇంజనే" అన్నాడు. బావ రెండు రోజులు ఇంజన్ విప్పాడు. చివరికి అక్క వచ్చి డ్రైవరు పక్క తలుపు అట్టని ఒక్క గుద్దు గుద్దితే లోపలినుంచి ఆ ఇంటి పిల్లల గోళీకాయ ఒకటి దొర్లుకుంటూ వచ్చి పడింది. ముందు అన్నది నువ్వంటే నువ్వని మాటా మాటా పెరిగింది. మర్నాడు ప్లైవుడ్ లేచింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా పలుకుల్లేవు.

అయినా పని ఆగలేదంటే అది అక్క చలవ. షాపు లెక్కలు, ఫోన్లు, సామాను తెప్పించడం అన్నీ ఆవిడే చూసేది. వాటితోపాటు ఇద్దరి మాటలూ మోసేది. ఇక్కడ తమ్ముడు చెప్పింది అక్కడ మొగుడికి, అక్కడ మొగుడు చెప్పింది ఇక్కడ తమ్ముడికి. నిజానికి బావ మాట్లాడితే ప్లైవుడ్ అదిరేది, ప్రతి ముక్కా ఇవతలికి వినబడేది. అయినా అక్క చుట్టు తిరిగి వచ్చి చెప్పేదాకా మేస్త్రి వినబడనట్టే ఉండేవాడు.

పని మొదలైంది. ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ బోల్టుల బెజ్జాలు కలవవు కాబట్టి మధ్యలో మందపాటి అల్యూమినియం పలక ఒకటి చేయించాలి. మేస్త్రి తనవైపు బెజ్జాలు అట్టమీద గీసి పంపాడు. బావ తనవైపువి గీసి తిరిగి పంపాడు. ఆ అట్ట పట్టుకుని అక్క రోజుకి పదిసార్లు అటూ ఇటూ నడిచింది.

"పైన రెండు మిల్లీమీటర్లు జరపమంటున్నారు మీ బావ."

"కిందికి జరుపుకోమను."

"కిందికి జరుపుకోమంటున్నాడండీ వాడు."

"కింద స్టార్టరు మోటారుంది, నా తలకాయ పెట్టుకోమంటాడా అక్కడ, అడుగు!"

"తలకాయ పెట్టుకోమంటావా అని అడుగుతున్నార్రా."

"ఆయనది పట్టదు, పెద్దది అని చెప్పు."

అక్క ఆ చివరి మాట మోయలేదు. ఇలాంటివి దారిలోనే పారేయడం ఆవిడకి అలవాటైపోయింది. ఏది పారేయాలో ఏది చేరవేయాలో ఆవిడ ఇష్టం.

రెండోవారంలో ఒక మధ్యాహ్నం బావ ఇంజన్ని బల్లమీద పెట్టి తిప్పి చూసి, కాఫీ తెచ్చిన అక్కతో, ఎందుకో ఆరోజు మామూలు గొంతుతోనే అన్నాడు. "ఇది ఎడమచేతివాటం ఇంజన్. అన్ని ఇంజన్లూ ఒకవైపు తిరిగితే ఇది రెండోవైపు తిరుగుతుంది. అక్కడక్కడా ఇలాంటివి వస్తుంటాయి. మీ తమ్ముడికి చెప్పు, చూసుకుని బిగించమను."

గోడ ఇవతల మేస్త్రి గాలిగొట్టంతో చక్రాలు కడుగుతూ ఉండటం వల్ల ఒక్కముక్క వినబడలేదు. ఈలోపు అక్కకి రెండు ఫోన్లొచ్చాయి. పార్శిలు ఒకటి వచ్చింది. అవన్నీ అయ్యాక తమ్ముడి దగ్గరికొచ్చి గుర్తున్నంతవరకు చెప్పింది.

"ఎడమచేతివాటమట. అందరిలా కాదట. చూసుకుని బిగించమన్నారు."

మేస్త్రి స్పానరు పట్టుకున్న చేతికేసి చూసుకున్నాడు. ఎడమచెయ్యి. ఆయన పుట్టుకతో ఎడమచేతివాటం. చిన్నప్పుడు బళ్ళో దానికోసం తిన్న దెబ్బలు ఇంకా గుర్తున్నాయి. మొహం కందగడ్డయింది.

"మీ పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళకి కనిపెట్టాడా ఈ సంగతి? చిన్నప్పటినుంచీ తెలుసు, ఆయన చెప్పక్కర్లేదని చెప్పు!"

అక్క గోడ అవతలికి వెళ్ళింది. "వాడికి చిన్నప్పటినుంచీ తెలుసటండీ. చెప్పక్కర్లేదట."

బావ కనుబొమలు పైకెత్తాడు. ఈ రకం ఇంజన్ గురించి ఆయనకే పోయినేడు తెలిసింది. "చిన్నప్పటినుంచా! పొగరుబోతే గానీ, పనిమంతుడు సుమా" అనుకున్నాడు. రెండున్నరేళ్ళలో బామ్మర్దిమీద ఆయనకి మంచి అభిప్రాయం కలగడం అదే మొదటిసారి.

మేస్త్రి ఆ కోపంమీదే గేర్‌బాక్సంతా శుభ్రంగా, దీక్షగా, మామూలుగా అన్ని ఇంజన్లకీ ఎలా బిగిస్తారో అలాగే బిగించేశాడు.

రన్‌వే రోజు నాలుగు రోజుల్లో ఉందనగా అన్నీ కారులోకెక్కాయి. షాపు ముందు ఖాళీస్థలంలో డాక్టరమ్మ సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజన్ మొదట గుర్రుమంది. ఆవిడ కాలు కొంచెం నొక్కేసరికి ఆ గుర్రు కాస్తా ఈలగా మారింది, ఈల కేకయింది. ఎదుటి మేడమీద బట్టలారేస్తున్న ఒకావిడ బకెట్టు వదిలేసి లోపలికి పరిగెత్తింది. బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గొట్టంలోంచి వచ్చే చప్పుడు దగ్గరగా వినాలని కారు వెనకాల వంగి నిలబడ్డాడు. మేస్త్రి, తన గేర్ల గొప్ప ఎదురుగా నిలబడి చూసుకోవాలని కారు ముందు చేతులు కట్టుకున్నాడు.

"మొదటి గేరు వెయ్యనా?"

"వెయ్యండమ్మా. నెమ్మదిగా వదలండి."

డాక్టరమ్మ నెమ్మదిగానే వదిలింది. కారు ముందుకి రాలేదు. బాణంలా వెనక్కి దూసుకుపోయింది. అరవై ఏళ్ళ బావ, మోకాళ్ళ నొప్పులని మేడమెట్లు కూడా ఎక్కని బావ, ఒక్క గెంతులో పాత టైర్ల దొంతిమీదికెక్కేశాడు. కారు ఆ దొంతికి బెత్తెడు దూరంలో ఆగింది.

"పొరపాటున రివర్సు వేశారమ్మా!" అని మేస్త్రి అరిచాడు.

"లేదండీ, మొదటిదే వేశాను. పోనీ రెండోది వెయ్యనా?"

"వద్దు!" అన్నాడు బావ టైర్లమీదినుంచి. కానీ అప్పటికే వేసేసింది. ఈసారి టైర్ల దొంతి ఊగింది. పైన బావ కూడా ఊగాడు. మేస్త్రి కారు ముందునుంచి పక్కకి జరిగాడు. "అమ్మా... రివర్సు వేసి చూడండి" అన్నాడు. కారు బుద్ధిగా, పెళ్ళిచూపులకొచ్చినట్టు మెల్లగా ముందుకొచ్చింది.

డాక్టరమ్మ అద్దం దించి తల బయటపెట్టింది. "అంటే వెనక్కి ఆరు గేర్లు, ముందుకి ఒకటి. అంతేగా?"

అప్పుడు టైర్లమీదినుంచి బావ గొంతు పిడుగులా పడింది. "ఎడమచేతివాటం ఇంజనని చెప్పానా లేదా? తెలుసన్నాడుగా!"

మేస్త్రికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. రెండోవైపు తిరిగే ఇంజన్‌కి మామూలుగా బిగించిన గేర్‌బాక్సు తగిలిస్తే, ముందుకెళ్ళాల్సిన ప్రతి గేరూ వెనక్కే లాగుతుంది. అయినా ఒప్పుకోలేదు. అలవాటుగా అక్కవైపు తిరిగాడు. "ఇంజన్ అన్న ముక్క ఎవరు చెప్పారో అడుగక్కా!"

"నేను చెప్పానని చెప్పు!" అన్నాడు బావ.

ఇద్దరూ కళ్ళు ఆవిడమీదే పెట్టారు. అక్క చేతిలో ఉన్న కాగితాలన్నీ బల్లమీద పెట్టింది. వాటిమీద ఎగిరిపోకుండా ఒక బోల్టు పెట్టింది.

"రెండున్నరేళ్ళనుంచి మోస్తున్నాను మీ మాటలు. అందులో సగం తిట్లే. ఆ తిట్లన్నీ దారిలో ఏరి పారేసి, మిగతావి ఇస్తున్నాను. ఒక్కరోజు ఒక్క ముక్క జారిపోయింది. ఇద్దరికీ నోళ్ళున్నాయి, మధ్యలో ఉన్నది అట్టముక్క. ఇక నా వల్ల కాదు" అని, కారు దగ్గరికెళ్ళి పక్క తలుపు తీసుకుని కూర్చుంది. "డాక్టరమ్మా, ముందుకి ఒక గేరుందిగా. నన్ను ఇంటిదగ్గర దింపెయ్యండి."

తొమ్మిది వేలు తిరిగే ఆ ఇంజను గొంతు చించుకుని అరుస్తుంటే, కారు ఎడ్లబండి వేగంతో వీధిలోకి తిరిగింది. సైకిలుమీద వెళ్తున్న ముసలాయన ఒకాయన దాన్ని దాటుకుని వెళ్ళి, వెనక్కి తిరిగి చూసి మరీ వెళ్ళాడు.

షాపులో ఇద్దరే మిగిలారు. బావ దిగడానికి కాలు కిందికి చాచాడు, అందలేదు. మేస్త్రి వెళ్ళి భుజం అందించాడు. దిగాక ఇద్దరూ చెరో డబ్బామీద కూర్చున్నారు.

బావ, వినబడీ వినబడనట్టు అన్నాడు. "మరి చిన్నప్పటినుంచీ తెలుసన్నావు."

"నా చెయ్యి గురించి అనుకున్నా బావా."

బావ ఆ చేతికేసి చూశాడు. కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముందు ఆయన పొట్ట కదిలింది, తరవాత భుజాలు కదిలాయి, ఆ తరవాత డబ్బామీదినుంచి జారి నేలమీద కూలబడి, ఊపిరాడనంతగా నవ్వాడు. మేస్త్రికి నవ్వు రాలేదు. ఇంజన్ ఎటు తిరుగుతుందో వంగి ఒక్కసారి చూసి ఉంటే చాలు. ముప్ఫై ఏళ్ళ పనివాడు ఆ వంగడం వంగలేదు. ఎందుకంటే అది గోడకి అవతల ఉంది.

"మధ్యలో ఎనిమిది అడుగులేగా దూరం. నేనూ వచ్చి చెప్పి ఉండొచ్చు" అన్నాడు బావ కళ్ళు తుడుచుకుంటూ. "దారేమైనా ఉందా?"

"గేర్‌బాక్సు చివర పళ్ళెమంత చక్రం ఒకటుంటుంది. దాన్ని విప్పి అవతలి పక్క బిగిస్తే తిప్పుడు తిరగబడుతుంది. కానీ లోపల జాగా చాలదు, బాక్సు డొక్క కొంచెం అరగదీయాలి. ఇన్నాళ్ళూ బరువు మోయని పక్క ఇప్పుడు మొయ్యాలి కాబట్టి పళ్ళు కూడా రెండోవైపు సానబెట్టాలి. రెండు చేతులు చాలవు. మూడు రోజులు."

"నాలుగు చేతులున్నాయిగా. అందులో ఒకటి ఎడమది" అని బావ మళ్ళీ నవ్వు అందుకున్నాడు. ఈసారి మేస్త్రికి కూడా ఆగలేదు.

అరగంటకి డాక్టరమ్మ అదే గేరులో తిరిగొచ్చింది. మెకానిక్కులిద్దరూ తప్పు చేసిన పిల్లల్లా లేచి నిలబడ్డారు. ఆవిడ కోప్పడలేదు.

"మీ అక్కయ్యగారితో దారిపొడుగునా మాట్లాడాను. బాగా టైం దొరికింది" అంది. తరవాత కుడిచెయ్యి చాపి చూపించింది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "ఆరునెల్లయింది మొదలై. ఈ చేత్తో ఇక నోట్లో డ్రిల్లు పెట్టకూడదు. వచ్చే నెల క్లినిక్ మూసేస్తున్నాను. స్టీరింగ్‌మీద పెడితే ఎలాగూ కారే వణికిస్తుంది, తేడా తెలియదు. ఆదివారం వెళ్ళాలండీ నేను. ఎలాగైనా."

మేస్త్రి ఆ చేతికేసి చూశాడు. వెళ్ళి జాకీ తెచ్చి కారు కింద పెట్టాడు.

విప్పిన గేర్‌బాక్సుని తోపుడుబండిమీద తేవడానికి ప్లైవుడ్ అడ్డమొచ్చింది. బావ రెండు పలకలు ఊడబీకి బయట గోడకి ఆనించాడు. మూడు రోజులూ ఇద్దరూ ఒకే దీపం కింద పనిచేశారు. మంచిగా ఉన్నారని కాదు. అరగదీసే రాయి దగ్గర పోట్లాడారు, నూనె చిక్కదనం దగ్గర పోట్లాడారు. కానీ నేరుగా పోట్లాడారు. బావ అక్కసు ఎంత పెద్ద గొంతుతో వెళ్ళగక్కితే మేస్త్రి అంత తాపీగా "వినబడింది" అనేవాడు. అక్క ఆ మూడు రోజులూ షాపు మొహం చూడలేదు. ఫోన్ చేస్తే, "సామాను సంగతైతే చెప్పండి, మాటలైతే పెట్టెయ్యండి" అనేది.

మూడోరోజు సాయంత్రం కారు మొదటి గేరులో ముందుకి కదిలింది. బావ అప్పటికే జాగ్రత్తగా పక్కకి తప్పుకుని, తలుపు చాటున ఉన్నాడు.

ఆదివారం రన్‌వే మీద ఎండ కాస్తోంది. ఇరవై రెండు కార్లొచ్చాయి. నడిపేవాళ్ళలో చాలామంది డాక్టరమ్మ పిల్లల ఈడువాళ్ళు. ఆవిడ హెల్మెట్ పెట్టుకుని, తెల్ల చేతితొడుగులు వేసుకుని కూర్చుంది. జెండా ఊపగానే కారు కదిలింది. రెండో గేరు పడింది, మూడోది పడింది. ఇంజన్ కేక సన్నబడి, సన్నబడి, ఆకాశాన్ని గీసుకుంటూ వెళ్ళినట్టు వెళ్ళింది. గట్టుమీద కూర్చున్న బావ ఏమీ అరవలేదు. అంత గొంతు పెట్టుకుని మొదటిసారి ఊరికే విన్నాడు. అక్క కూడా వచ్చింది. ఇద్దరికీ మధ్యలో కాకుండా, కావాలని చివర కూర్చుంది.

ఇరవై రెండు కార్లలో డాక్టరమ్మది పంతొమ్మిదో స్థానం. కారు దిగి, "వెనకాల ముగ్గురున్నారు, చూశారా!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తరవాత మేస్త్రిని చూసి పక్క సీటు తలుపు తీసింది. "రండి. మీ పళ్ళు ఎలా ఉన్నాయో మీరే చూసుకోండి."

మేస్త్రి వెనక్కి తగ్గాడు. ముప్ఫై ఏళ్ళుగా గేర్‌బాక్సుల్ని బల్లమీదే చూశాడు గానీ, స్పీడంటే ఆయనకి గిట్టదు. బస్సులో కూడా కళ్ళు మూసుకునే రకం. బావ వెనకనుంచి భుజంమీద చెయ్యి వేసి సీట్లోకి తోసి, బెల్టు తనే బిగించాడు.

కారు కదిలింది. మొదటి గేరులో మేస్త్రి పళ్ళ చప్పుడు విన్నాడు, శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో చెవి రిక్కించాడు. మూడోదాంట్లో వినడం మానేశాడు. నాలుగోది పడేసరికి వీపు సీటుకి అతుక్కుపోయింది. రన్‌వే పక్కన గడ్డి అంతా ఒకే పచ్చటి గీతగా మారింది. ముల్లు తొమ్మిది వేలు తాకింది. ఆ క్షణంలో, ఇంజన్ కేకని కూడా మించి ఒక కేక రన్‌వే అవతలి కొసదాకా వినబడింది.

"బావోయ్!"

గట్టుమీద జనమంతా నవ్వారు. అక్క మొహం కొంగులో దాచుకుంది.

కారు ఆగాక మేస్త్రి మెల్లగా దిగి, తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. బావ తీరిగ్గా నడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"పిలిచావా?"

"నాలుగో గేరు కొంచెం బిగువుగా పడుతోంది. రేపు విప్పి చూద్దాం."

"చూద్దాం" అన్నాడు బావ.

ఈలోపు అక్క వచ్చి, కళ్ళజోడు తీసి తమ్ముడి చేతిలో పెట్టి, హ్యాండ్‌బ్యాగు మొగుడి చేతిలో పెట్టి, కొంగు నడుముకి బిగించుకుని కారు ఎక్కింది. "కొంచెం గట్టిగానే నొక్కండి డాక్టరమ్మా" అంది.